చిన్న ఆఫీసు సర్వర్, పెద్ద సంస్థల డైరెక్టరీ

ఇరవై ముప్పై మంది పనిచేసే ఆఫీసులో సర్వర్ ఉన్నట్టుండి హ్యాంగ్ అయితే అనుమానం ముందు హార్డ్ డిస్కు మీదికి, తర్వాత మెమరీ మీదికి, ఆపైన వైరస్ మీదికి పోతుంది. 2000 నుంచి 2015 దాకా ఇలాంటి సర్వర్లను బాగుచేస్తూ వచ్చినవాళ్లకు మరో కారణం పదేపదే ఎదురైంది. యంత్రంలో లోపమేమీ ఉండదు. నెట్‌వర్క్‌లో తనకు జోడుగా ఉండాల్సిన ఇంకో సర్వర్ పలుకుతుందేమోనని అది నిమిషాల తరబడి ఎదురుచూస్తూ ఉంటుంది. ఆ జోడు సర్వర్‌ను ఎప్పుడో పాత సామాను కింద అమ్మేసి ఉంటారు, ఆ సంగతి డైరెక్టరీలో ఎవరూ నమోదు చేసి ఉండరు. వేల మంది ఉద్యోగులున్న సంస్థల కోసం పుట్టిన ఒక పద్ధతిని ఒకటి రెండు సర్వర్లున్న ఆఫీసులోకి తెచ్చినందువల్ల వచ్చిన చిక్కులివి. ఆ డైరెక్టరీ ఎక్కడ పుట్టి ఎలా పెరిగిందో తెలిస్తే తప్ప దాని జబ్బులు అంతుపట్టవు.

డైరెక్టరీ అంటే ఆఫీసులోని కంప్యూటర్లన్నిటికీ ఉమ్మడి పట్టిక. ఉద్యోగులెవరు, వాళ్ల పాస్‌వర్డులేమిటి, ఏ బృందంలో ఎవరున్నారు, ఏ ప్రింటర్ ఎక్కడుంది అన్నవన్నీ అందులో ఉంటాయి. ఈ పట్టిక ఒక్క యంత్రంలోనే ఉంటే అది పడిపోయిన రోజు ఎవరూ లాగిన్ కాలేరు. అందుకని నకళ్లు పెడతారు, ఒక నకలులో జరిగిన మార్పు మిగతావాటికి చేరేలా చూస్తారు. ఆ చేరవేతే రెప్లికేషన్. వినడానికి తేలిగ్గానే ఉన్నా, రెండు నకళ్లలో ఒకేసారి వేర్వేరు మార్పులు జరిగితే ఏది నిలవాలి, తొలగించిన పేరు మరో నకలు నుంచి తిరిగి రాకుండా ఎలా ఆపాలి అన్న ప్రశ్నల దగ్గర అసలు కష్టం మొదలవుతుంది.

ఈ ప్రశ్నలకు తొలి సమాధానాల్లో కొన్ని కాలిఫోర్నియాలోని జిరాక్స్ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో దొరికాయి. ఆండ్రూ బిరెల్, రాయ్ లెవిన్, రోజర్ నీధమ్, మైకేల్ ష్రోడర్ అక్కడ కట్టిన గ్రేప్‌వైన్ అనే వ్యవస్థ గురించి 1982లో వ్యాసం ప్రచురించారు. ఉత్తరాలు బట్వాడా చేయడం, వాడుకదారుల పేర్లు నమోదు చేయడం దాని పనులు. నమోదు పట్టిక నకళ్లు అనేక సర్వర్లలో ఉండేవి. ఏ నకలులోనైనా మార్పు చేయవచ్చు, ఆ కబురు మిగతా సర్వర్లకు మామూలు ఉత్తరం రూపంలోనే వెళ్లేది. అన్ని నకళ్లూ అన్ని వేళలా ఒకేలా ఉండవని, కాసేపటికి ఒక దారికి వస్తాయని గ్రేప్‌వైన్ కట్టినవాళ్లు ముందే ఒప్పుకున్నారు. తర్వాత వచ్చిన డైరెక్టరీలన్నిటికీ ఆ ఒప్పుకోలే పునాది.

జిరాక్స్‌లోనే దాని తర్వాత వచ్చిన క్లియరింగ్‌హౌస్ అనే నామావళి వ్యవస్థ వందలాది ఈథర్‌నెట్‌లకు విస్తరించేసరికి, నకళ్లను సరిచూసే రాకపోకలే నెట్‌వర్క్‌కు భారమయ్యాయి. 1987లో అలన్ డెమర్స్, ఆయన సహచరులు రాసిన వ్యాసం దీనికి అంటువ్యాధుల గణితంలో పరిష్కారం వెతికింది. ప్రతి సర్వరూ అప్పుడప్పుడూ మరో సర్వర్‌ను ఎంచుకుని తన దగ్గరున్నవి, దాని దగ్గరున్నవి పోల్చుకుంటే చాలు, వ్యాధి ఊరంతా పాకినట్టే మార్పు అన్ని చోట్లకూ చేరుతుంది. తొలగింపు విషయంలో ఆ వ్యాసం చెప్పిన మాట చిన్న సర్వర్ల కథకు మరీ ముఖ్యం. ఒక పేరును పట్టికలోంచి ఊరికే తీసేస్తే, ఆ పేరున్న మరో నకలు దాన్ని కొత్త పేరనుకుని మళ్లీ పంపిస్తుంది. కాబట్టి తొలగించిన ప్రతి పేరు స్థానంలో ఒక మరణ ధ్రువపత్రం ఉంచాలి, అది అన్ని నకళ్లకూ చేరాలి, కొంత గడువు తర్వాతే దాన్నీ తీసేయాలి. ఆ గడువు దాటి నిద్రలేచిన నకలు ఎంత ప్రమాదమో చాలా ఏళ్ల తర్వాత చిన్న ఆఫీసులు చూశాయి.

మైక్రోసాఫ్ట్ ఈ దారిలోకి ఆలస్యంగా వచ్చింది. 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీలో డొమైన్ అనే ఏర్పాటు ఉండేది కానీ అందులో పెద్దన్న ఒక్కడే. మార్పులన్నీ ప్రైమరీ డొమైన్ కంట్రోలర్‌లోనే జరగాలి. బ్యాకప్ కంట్రోలర్లు దాని దగ్గరి నుంచి నకలు తీసుకుని లాగిన్లను మాత్రం చూసుకునేవి. ప్రైమరీ పడిపోతే పాస్‌వర్డ్ మార్చడం కుదరదు, కొత్త ఉద్యోగిని చేర్చడం కుదరదు. అది ఇబ్బందే, కానీ అర్థమయ్యే ఇబ్బంది. నకళ్ల మధ్య తగవు పుట్టే అవకాశం లేదు. అదే ఏడాది నోవెల్ తన నెట్‌వేర్ 4తో పాటు, అనేక చోట్ల మార్పులకు వీలున్న డైరెక్టరీని తెచ్చింది. ఎక్స్.500 అనే అంతర్జాతీయ ప్రమాణం 1988 నుంచే ఉంది, దాన్ని తేలిక చేసి మిషిగన్ విశ్వవిద్యాలయంలో టిమ్ హౌస్, ఆయన సహచరులు రూపొందించిన ఎల్‌డాప్ పద్ధతి కూడా 1993లోనే ప్రమాణపత్రంగా వెలువడింది. మైక్రోసాఫ్ట్ వైపు 1996లో వచ్చిన ఎక్స్చేంజ్ మెయిల్ సర్వర్‌లో ఒక డైరెక్టరీ, దాని కింద ఒక డేటాబేస్ ఇంజిన్ ఉండేవి. ఆ పనితనమే 2000 ఫిబ్రవరిలో విండోస్ 2000తో విడుదలైన యాక్టివ్ డైరెక్టరీకి ఆధారమైంది.

యాక్టివ్ డైరెక్టరీలో పెద్దన్న లేడు. ప్రతి డొమైన్ కంట్రోలర్‌లోనూ మార్పు చేయవచ్చు. ఒకేసారి రెండు చోట్ల తలపడితే పనికిరాని ఐదు బాధ్యతలను మాత్రం నిర్ణీత సర్వర్లకు అప్పగించారు. మార్పుల లెక్క కోసం ప్రతి కంట్రోలర్ తనకంటూ యూఎస్ఎన్ అనే ఒక వరుస సంఖ్య నడుపుతుంది, ప్రతి మార్పుకూ అది ఒకటి పెరుగుతుంది. పక్క సర్వర్ దగ్గర ఎంత సంఖ్య వరకు తాను అందుకున్నదీ ప్రతి సర్వరూ గుర్తుంచుకుంటుంది. మళ్లీ అడిగేటప్పుడు ఆ పైనున్నవే అడుగుతుంది. ఒకే అంశాన్ని రెండు చోట్ల మారిస్తే ఎక్కువసార్లు మారిన విలువ నిలుస్తుంది, అదీ సమానమైతే తర్వాతి సమయం ఉన్నది నిలుస్తుంది. గడియారానికి రెండో స్థానమే ఇచ్చారన్నమాట. డజన్ల కొద్దీ నగరాల్లో శాఖలున్న కంపెనీకి ఇది అద్భుతంగా నడిచే యంత్రాంగం. అయితే ఇది కొన్ని విషయాలను మాట్లాడకుండానే నమ్ముతుంది. పక్కన ఎప్పుడూ ఒక తోటి సర్వర్ ఉంటుందని, పేర్లు వెతికే డీఎన్ఎస్ సరిగా పనిచేస్తుందని, ఏ సర్వరూ నెలల తరబడి కనబడకుండా పోదని, అన్నిటికన్నా ముఖ్యంగా ఏ సర్వర్ లెక్కా వెనక్కి నడవదని. చిన్న ఆఫీసులో ఈ నాలుగూ తప్పాయి.

చిన్న ఆఫీసుల కోసం మైక్రోసాఫ్ట్ 1997లో ఒక మూట తయారుచేసింది. స్మాల్ బిజినెస్ సర్వర్ అనే పేరుతో విండోస్ ఎన్‌టీ, మెయిల్ సర్వర్, డేటాబేస్, ఇంటర్నెట్‌కు దారి, ఫ్యాక్స్ అన్నీ ఒకే యంత్రంలో, ఒకే ధరకు ఇచ్చింది. తొలి రూపం 25 మందికే. 1999లో వచ్చిన 4.5కు 50 మంది, 2003లో వచ్చిన రూపానికి 75 మంది పరిమితి. విడివిడిగా కొంటే మోయలేని ఖర్చయ్యే సాఫ్ట్‌వేర్ చిన్న కంపెనీకి అందుబాటులోకి వచ్చింది కాబట్టి ఇది ప్రపంచమంతటా బాగా అమ్ముడుపోయింది. చౌకకు బదులుగా కొన్ని కట్టుబాట్లు ఉండేవి. డొమైన్‌లో అలాంటి సర్వర్ ఒక్కటే ఉండాలి, ఆ ఐదు బాధ్యతలూ దాని దగ్గరే ఉండాలి, బయటి డొమైన్లతో నమ్మక ఒప్పందాలు కూడదు. కట్టుబాటు తప్పితే కొన్ని రోజులు హెచ్చరించి, ఆ తర్వాత సర్వర్ తనంతట తానే ఆగిపోయేది. ఈ సంగతి తెలియనివాళ్లు దాన్ని హార్డ్‌వేర్ లోపమనుకుని పవర్ సప్లైలు మార్చారు. రెండో డొమైన్ కంట్రోలర్ పెట్టుకోవడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. కుదరదన్న అపోహే చాలాకాలం ప్రచారంలో ఉండిపోయింది.

హ్యాంగ్‌లలో నిజంగా యంత్రం ఊపిరాడక ఆగేవీ ఉండేవి. 2003 రూపం 4 జీబీకి మించి మెమరీ వాడుకోలేదు. అందులోనే మెయిల్ సర్వర్ తన నిల్వ కోసం దొరికినంతా తీసుకునేది. సర్వర్ ఆరోగ్యాన్ని గమనించడానికి పెట్టిన చిన్న డేటాబేస్ కూడా రోజురోజుకూ ఉబ్బి, తాను గమనించాల్సిన యంత్రాన్నే కుంగదీసేది. దాని మెమరీకి హద్దు పెట్టడం ఆ రోజుల్లో మరమ్మతు చేసేవాళ్లకు అలవాటైన తొలి పని. డొమైన్ కంట్రోలర్ తన డైరెక్టరీ డేటా పాడవకుండా డిస్కుపై రాత నిల్వను ఆపేస్తుంది, అంటే ప్రతి రాతా నేరుగా డిస్కు మీదికే వెళ్లాలి. పెద్ద సంస్థల్లో డైరెక్టరీ ఒక యంత్రంలో, ఫైళ్లు మరో యంత్రంలో ఉంటాయి కాబట్టి ఇది తెలియదు. మెయిల్, ఫైళ్లు, డైరెక్టరీ అన్నీ ఒకే డిస్కు మీద ఉన్నచోట సర్వర్ మొత్తం మందగించేది. యాంటీవైరస్ డైరెక్టరీ డేటాబేస్‌నూ మెయిల్ నిల్వనూ తెరిచి చూడటం మొదలుపెడితే ఇక చెప్పనక్కర్లేదు. విండోస్ సర్వర్ 2003కు 2007 మార్చిలో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2 నెట్‌వర్క్ కార్డులకు కొంత పని అప్పగించే సౌకర్యాన్ని తనంతట తానే తెరిచింది. కొన్ని డ్రైవర్లతో అది పొసగక కనెక్షన్లు తెగిపోవడం మొదలైంది. చివరికి మైక్రోసాఫ్టే దాన్ని మూసేసే అప్‌డేట్ ఇచ్చింది.

అయితే ఉదయం ఆన్ చేసిన సర్వర్ పది పదిహేను నిమిషాల పాటు 'నెట్‌వర్క్ కనెక్షన్లు సిద్ధమవుతున్నాయి' అన్న తెర దగ్గరే నిలిచిపోతే దానికి మెమరీతో పని లేదు. డైరెక్టరీ బాధ్యతలున్న సర్వర్ లేవగానే, తాను ఆగి ఉన్నప్పుడు ఆ బాధ్యతలు మరొకరికి మారాయేమో తెలుసుకోవాలి. అందుకని తోటి కంట్రోలర్‌తో ఒకసారి రెప్లికేషన్ పూర్తిచేసుకున్నాకే అది ఆ బాధ్యతలు చేపడుతుంది. డీఎన్ఎస్ వివరాలు డైరెక్టరీలోనే దాచి ఉంటే, ఆ తొలి సరిచూపు ముగిసేదాకా డీఎన్ఎస్ లేవదు. డీఎన్ఎస్ లేవనిదే తోటి సర్వర్ ఎక్కడుందో తెలియదు. ఒకదానికోసం ఒకటి ఆగి, గడువు తీరాక ఎలాగో ముందుకు కదులుతాయి. రెండు సర్వర్లూ ఒకే యూపీఎస్ మీద ఉండి, కరెంటు పోయి ఒకేసారి లేచిన చోట రెండూ ఒకదాని ముఖం ఒకటి చూస్తూ కూర్చునేవి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012లో పరిశ్రమలకు పవర్ హాలిడేలు ప్రకటించిన నాటి కరెంటు పరిస్థితుల్లో ఇలాంటి లేవడాలు అరుదైన సంగతి కాదు. రెండిటిలో ఒకదాన్ని ముందు లేపి, అది కుదుటపడ్డాక రెండోదాన్ని లేపడం, ప్రతిదానికీ డీఎన్ఎస్ చిరునామాల్లో మరోదాన్ని కూడా ఉంచడం దీనికి విరుగుడు.

లేని జోడు కోసం చూసే ఎదురుచూపు ఇంకా మొండిది. రెండో సర్వర్ డిస్కు పోయిందని పారేసినప్పుడు దాని పేరు డైరెక్టరీలో అలాగే ఉండిపోతుంది. మిగిలిన సర్వర్ లేచిన ప్రతిసారీ దాన్ని పిలుస్తుంది. పద్ధతి ప్రకారం కంట్రోలర్‌ను సాగనంపాలంటే ముందు దాన్ని ఆ పదవి నుంచి దించి తర్వాత ఆపాలి. అది కుదరనప్పుడు ఎన్‌టీడీఎస్‌యుటిల్ అనే ఉపకరణంతో దాని ఆనవాళ్లను ఒక్కొక్కటిగా తీసేయాలి. 2008 నుంచి కంట్రోలర్ ఖాతాను తొలగిస్తే ఈ శుభ్రత చాలావరకు దానంతటదే జరిగేలా మార్చారు. అప్పటిదాకా, సగం తీసి సగం వదిలేసిన పాత సర్వర్ల ఆనవాళ్లు చిన్న ఆఫీసుల డైరెక్టరీల్లో ఏళ్ల తరబడి మిగిలాయి.

డీఎన్ఎస్ తప్పులు ఇంతకన్నా మామూలు. ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ చెప్పిన డీఎన్ఎస్ చిరునామాను ఎవరో మంచి ఉద్దేశంతోనే సర్వర్ నెట్‌వర్క్ కార్డులోనో, ఉద్యోగుల కంప్యూటర్లలోనో పెడతారు. వెబ్‌సైట్లు చక్కగా తెరుచుకుంటాయి. లాగిన్ మాత్రం అయిదు నిమిషాలు పడుతుంది, ఎందుకంటే ఆఫీసు డొమైన్ ఎక్కడుందో బయటి డీఎన్ఎస్‌కు తెలియదు. కంట్రోలర్లు ఒకదాన్నొకటి వెతుక్కునేది మామూలు పేరుతో కాదు, ప్రతిదానికీ డీఎన్ఎస్‌లో నమోదైన ఒక పొడవాటి గుర్తింపు సంఖ్యతో. ఆ నమోదు పోతే పింగ్ పనిచేస్తూనే రెప్లికేషన్ ఆగుతుంది, లాగ్‌లో 8524 అనే పొరపాటు సంఖ్య కనబడుతుంది. విండోస్ 2000లో ఒక కంట్రోలర్ డీఎన్ఎస్ కోసం తననే తాను అడిగేలా పెడితే, తోటి సర్వర్ల కొత్త చిరునామాలు తనకు రెప్లికేషన్ ద్వారానే రావాలి, ఆ చిరునామాలు లేనిదే రెప్లికేషన్ జరగదు. ఆ సర్వర్ ఒంటరి ద్వీపంగా మిగిలిపోయేది. 2003లో ఈ లోపాన్ని సరిదిద్దారు. అనుభవం ఉన్నవాళ్లు ఏ రెప్లికేషన్ ఫిర్యాదుకైనా ముందు డీఎన్ఎస్‌నే చూడటం ఆ రోజుల నుంచి వచ్చిన అలవాటు, అది ఇప్పటికీ సరైనదే.

డైరెక్టరీ పట్టికతో పాటు ప్రతి కంట్రోలర్‌లో సిస్‌వాల్ అనే ఫోల్డర్ ఉంటుంది. గ్రూప్ పాలసీలు, లాగిన్ స్క్రిప్టులు అందులోనివే. అది సిద్ధంగా లేకపోతే సర్వర్ తనను కంట్రోలర్‌గా ప్రకటించుకోదు. విండోస్ 2000లో ఈ ఫోల్డర్ నకళ్లను చూసుకునే పని ఫైల్ రెప్లికేషన్ సర్వీస్‌ది. డిస్కులో జరిగే ప్రతి ఫైలు మార్పునూ ఎన్‌టీఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఒక జర్నల్‌లో రాస్తుంది, ఈ సర్వీస్ ఆ జర్నల్‌ను చదివి ఏం పంపాలో తేల్చుకుంటుంది. జర్నల్‌కు పరిమితి ఉంది, నిండితే పాత రాతల మీద కొత్తవి పడతాయి. సర్వీస్ చదవకముందే అలా జరిగితే అది తాను ఏం పోగొట్టుకుందో తెలియక ఆగిపోతుంది. దీన్నే జర్నల్ ర్యాప్ అంటారు, లాగ్‌లో 13568 సంఖ్యతో నమోదవుతుంది. కరెంటు పోయి అర్ధాంతరంగా ఆగిన సర్వర్లలో, మార్పుల వరద వచ్చిన డిస్కుల్లో ఇది తరచు కనబడేది.

ఒకే సర్వర్ ఉన్న ఆఫీసులో ఇది వచ్చినా ఏ బాధా తెలియదు. పంపడానికి మరో చోటు లేదు కాబట్టి ఆగిన సర్వీస్ వల్ల ఏ పనీ చెడదు. ఆ ఎర్ర గుర్తు ఏళ్ల తరబడి లాగ్‌లో అలాగే ఉంటుంది. కొత్త సర్వర్ కొని, దాన్ని పక్కన చేర్చి, పాతదాని నుంచి బాధ్యతలు మార్చాలనుకున్న రోజు అసలు సంగతి బయటపడుతుంది. కొత్త సర్వర్ సిస్‌వాల్ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది, అది ఎన్నటికీ రాదు. 2003 నుంచి 2008కో, 2011కో మారబోయి మధ్యలో చిక్కుకున్న ఎన్నో మార్పిళ్లకు మూలం అప్పటికి ఏళ్ల కిందటి జర్నల్ ర్యాప్.

మరమ్మతు దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. 13568 సందేశంలోనే, రిజిస్ట్రీలో ఒక విలువను ఒకటిగా మారిస్తే సర్వీస్ దానంతటదే కోలుకుంటుందని రాసి ఉండేది. ఆ కోలుకోవడం ఎలాగంటే, తన దగ్గరున్న ఫైళ్లను పక్కన పెట్టి తోటి సర్వర్ నుంచి మంచి నకలు తెచ్చుకోవడం. తోటి సర్వర్ ఉన్నచోట అది బాగానే ఉంటుంది. లేనిచోట సర్వర్ తన పాలసీలన్నిటినీ వేరే ఫోల్డర్‌లోకి నెట్టేసి, ఎన్నడూ రాని నకలు కోసం కూర్చుంటుంది. సిస్‌వాల్ షేర్ మాయమవుతుంది, దాంతో లాగిన్లు ఆగుతాయి. సందేశం చెప్పినట్టే చేసి ఆఫీసంతా ఆగిపోయినవాళ్లు చాలామంది. ఆ సలహా పాటించవద్దని మైక్రోసాఫ్ట్ తర్వాత తన పత్రాల్లో రాసింది కానీ లాగ్‌లోని వాక్యం అలాగే ఉండిపోయింది. సరైన దారి, ముందు సిస్‌వాల్‌కు విడిగా నకలు తీసుకుని, సర్వీస్‌ను ఆపి, బర్‌ఫ్లాగ్స్ అనే విలువను అమర్చడం. డీ4 అంటే తన దగ్గరున్నదే ప్రమాణమని, డీ2 అంటే తనది వదిలి పక్కవాళ్లది తెచ్చుకోవాలని. ఒంటరి సర్వర్‌కు డీ4, మిగతావాటికి డీ2. ఈ రెండు గుర్తులు తారుమారైతే మంచి నకలు మీద పాడైన నకలు కూర్చుంటుంది.

ఇక రెప్లికేషన్ జబ్బుల్లో అతి మోసకారిది యూఎస్ఎన్ రోల్‌బ్యాక్. పట్నంలో ఒక కొట్టు, పల్లెలో ఒక కొట్టు ఉన్న వ్యాపారి చిట్టాలో ప్రతి పద్దుకూ వరుస నంబర్ వేస్తాడనుకుందాం. పట్నం చిట్టాలో 5000 వరకు ఎక్కించుకున్నట్టు పల్లె గుమస్తా గుర్తుపెట్టుకున్నాడు. పట్నం చిట్టా పోయి, 4200 నంబర్ వరకే ఉన్న పాత నకలును తెచ్చి దాని మీదే రాయడం మొదలుపెడితే కొత్త పద్దులకు మళ్లీ 4201 నుంచి నంబర్లు పడతాయి. పల్లె గుమస్తా వాటిని అడగనే అడగడు, 5000 దాకా తన దగ్గర ఉన్నాయిగా. ఆ ఎనిమిది వందల కొత్త పద్దులూ అతని పుస్తకంలోకి ఎన్నటికీ చేరవు. రెండు పుస్తకాలూ తమది సరిగ్గానే ఉందనుకుంటాయి, ఎక్కడా పొరపాటు సంఖ్య కనబడదు. ఒక సర్వర్‌లో చేర్చిన ఉద్యోగి మరో సర్వర్‌లో ఉండడు, ఒకచోట మార్చిన పాస్‌వర్డ్ మరోచోట చెల్లదు.

బ్యాకప్ చేయాల్సిన తీరులో చేస్తే ఇది రాదు. విండోస్ సొంత బ్యాకప్ డైరెక్టరీని తిరిగి నిలిపినప్పుడు ఆ సర్వర్‌కు కొత్త గుర్తింపు సంఖ్య ఇస్తుంది, తోటివాళ్లు దాన్ని కొత్త చిట్టాగా చూసి మొదటి నుంచి లెక్క చూసుకుంటారు. డిస్కు మొత్తాన్ని ఫొటో తీసినట్టు నకలు తీసే సాఫ్ట్‌వేర్, ఆ తర్వాత వర్చువల్ మెషీన్ స్నాప్‌షాట్‌లు వచ్చాక ఈ జాగ్రత్త తప్పిపోయింది. ఒంటరి సర్వర్‌ను ఇలా వెనక్కి తెచ్చుకుంటే ఏ హానీ లేదు, పోల్చి చూసే రెండో పుస్తకమే లేదు కాబట్టి. భద్రత కోసమని రెండో కంట్రోలర్ పెట్టుకున్న ఆఫీసుకే ఈ ప్రమాదం వచ్చింది. చిన్న ఆఫీసులకు రెండో కంట్రోలర్ పెట్టమని అందరూ సలహా ఇచ్చేవారు కానీ, దానితో పాటు బ్యాకప్ తీరు కూడా మారాలని చెప్పినవాళ్లు తక్కువ. విండోస్ సర్వర్ 2003 సర్వీస్ ప్యాక్ 1 నుంచి సర్వర్ ఈ పరిస్థితిని పసిగట్టి, లాగ్‌లో 2095 సంఖ్యతో రాసి, రెప్లికేషన్‌నూ లాగిన్ సేవనూ ఆపేయడం మొదలుపెట్టింది. వాడేవాళ్లకు అదీ హ్యాంగ్‌లాగే కనబడుతుంది, నిజానికి అది డేటాను కాపాడే ఆపుడు. అలాంటి సర్వర్‌ను బలవంతంగా పదవి నుంచి దించి, ఆనవాళ్లు శుభ్రం చేసి, మళ్లీ కొత్తగా కంట్రోలర్‌గా నిలపడం తప్ప దగ్గరి దారి లేదు. ఆపిన రెప్లికేషన్‌ను రిజిస్ట్రీ ద్వారా మళ్లీ తెరిచినవాళ్లు తేడాలను శాశ్వతం చేసుకున్నారు.

జిరాక్స్ వ్యాసంలోని మరణ ధ్రువపత్రాలు యాక్టివ్ డైరెక్టరీలో టూంబ్‌స్టోన్ పేరుతో వచ్చాయి. మొదట వాటి గడువు 60 రోజులు, 2003 సర్వీస్ ప్యాక్ 1తో కొత్తగా కట్టిన డైరెక్టరీలకు 180 రోజులు. శాఖ కార్యాలయంలోని సర్వర్ ఇంటర్నెట్ లైన్ తెగి, ఎవరూ పట్టించుకోక ఆ గడువు దాటిపోతే, అప్పటికే తొలగించిన పేర్లు దాని దగ్గర బతికే ఉంటాయి. మళ్లీ కలిసిన రోజు ఉద్యోగం మానేసిన వ్యక్తి ఖాతా తిరిగి లేచి రావచ్చు. దీన్ని ఆపడానికే 2042 సందేశం వస్తుంది, ఇంతకాలం విడిపోయిన సర్వర్‌తో రెప్లికేషన్ చేయనని మిగిలిన సర్వర్ నిరాకరిస్తుంది. ఆ నిరాకరణను దాటేసే రిజిస్ట్రీ విలువ ఉంది కానీ, మిగిలిపోయిన పేర్లను ముందు తొలగించకుండా దాన్ని వాడితే జబ్బు మొత్తానికీ పాకుతుంది.

గడువులన్నీ గడియారం మీదే నిలుస్తాయి కాబట్టి గడియారం తప్పితే అన్నీ తప్పుతాయి. లాగిన్‌ను ధ్రువీకరించే కెర్బెరాస్ పద్ధతి 5 నిమిషాలకు మించిన తేడాను ఒప్పుకోదు. వర్చువల్ మెషీన్‌లోని కంట్రోలర్ తనను మోస్తున్న యంత్రం గడియారాన్ని నమ్మడం, ఆ యంత్రమేమో డొమైన్‌లో చేరినది కాబట్టి అదే కంట్రోలర్ గడియారాన్ని నమ్మడం చిన్న ఆఫీసుల్లో తరచు జరిగిన పొరపాటు. రెండూ కలిసి నెమ్మదిగా పక్కదారి పట్టేవి. 2012 నవంబరు 19న అమెరికా నావికాదళ అబ్జర్వేటరీ సమయ సర్వర్లు గంటలోపు సేపు 2000 సంవత్సరాన్ని చూపించాయి. వాటిని నేరుగా నమ్మిన డొమైన్లు పన్నెండేళ్లు వెనక్కి వెళ్లి, లాగిన్లూ రెప్లికేషన్ కూడా ఆగిపోయాయి. విండోస్ సర్వర్ 2008 నుంచి గడియారాన్ని ఒక్కసారిగా 48 గంటలకు మించి జరపకుండా హద్దు ఉంది. పాత డొమైన్లలో అలాంటి హద్దు లేకపోవడమే వాటిని దెబ్బతీసింది.

ఇన్ని జబ్బులను విడదీసి చూసే పద్ధతి కూడా క్రమంగానే కుదిరింది. డీసీడయాగ్, రెప్అడ్మిన్ అనే రెండు ఉపకరణాలు విండోస్ 2000 కాలం నుంచీ దానికి ఆధారం. మొదటిది కంట్రోలర్ ఆరోగ్యాన్ని ఒక్కో పరీక్షగా చూస్తుంది, రెండోది ఏ సర్వర్ ఎవరి దగ్గర ఎప్పుడు చివరిసారి అందుకుందో చెబుతుంది. హ్యాంగ్ అయిన సమయాన్ని రాసుకుని, లాగ్‌లో దానికి ముందున్న మొదటి పొరపాటును పట్టుకోవడం, ఆ తర్వాత వచ్చిన వందలాది పొరపాట్లను దాని పిల్లలుగా చూడటం ఈ పనిలో అతి విలువైన నేర్పు. డీఎన్ఎస్, గడియారం, ఆ తర్వాత రెప్లికేషన్, చివరికి సిస్‌వాల్ అన్న వరుసలో వెళ్లేవాళ్లు తిన్నగా చేరతారు. చివరినుంచి మొదలుపెట్టినవాళ్లు బాగున్న నకళ్లను కూడా పాడుచేస్తారు. మెమరీ కొరతా, ఎదురుచూపా అన్నది తేల్చడం మాత్రం తేలికే. ఎదురుచూస్తున్న సర్వర్‌లో ప్రాసెసర్ దాదాపు ఖాళీగా ఉంటుంది.

డిజైన్‌లోని లోపాలను మైక్రోసాఫ్ట్ ఒక్కొక్కటిగా సరిదిద్దుతూ వచ్చింది. 2008లో సిస్‌వాల్ కోసం డీఎఫ్ఎస్ఆర్ అనే కొత్త సర్వీస్ వచ్చింది. జర్నల్ ర్యాప్ నుంచి అది తనంతట తానే కోలుకోగలదు. దానికీ తన జబ్బులున్నాయి. విండోస్ సర్వర్ 2012లో అర్ధాంతరంగా ఆగిన సర్వర్ మళ్లీ లేచాక, 2213 సందేశం రాసి, నిర్వాహకుడు ఆజ్ఞ ఇచ్చేదాకా రెప్లికేషన్ మొదలుపెట్టదు. ఎవరూ లాగ్ చూడక 60 రోజులు దాటితే 4012 సందేశంతో పూర్తిగా ఆగిపోతుంది. నిత్యం కనిపెట్టి చూసేవాళ్లుంటారని నమ్మిన మరో నిర్ణయం అది, చిన్న ఆఫీసులో అలాంటివాళ్లు ఉండరు. స్నాప్‌షాట్‌ల బెడదకు 2012లోనే మంచి విరుగుడు దొరికింది. వర్చువల్ మెషీన్ వెనక్కి వెళ్లినట్టు దాన్ని నడిపే కింది పొర ఒక సంఖ్య ద్వారా కంట్రోలర్‌కు తెలియజేస్తుంది, కంట్రోలర్ వెంటనే కొత్త గుర్తింపు తీసుకుంటుంది.

ఆ ఏడాది జులైలోనే స్మాల్ బిజినెస్ సర్వర్‌కు 2011 రూపమే ఆఖరిదని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది.  మెయిల్ ఆఫీస్ 365కు వెళ్లాలని, ఆఫీసులో 25 మందికి సరిపడే ఎసెన్షియల్స్ సర్వర్ మాత్రం ఉంటే చాలని కంపెనీ లెక్క. మెయిల్ బయటికి పోవడంతో మెమరీ కొరత వల్ల వచ్చే హ్యాంగ్‌లు చాలావరకు పోయాయి. డైరెక్టరీ మాత్రం చాలా ఆఫీసుల్లో అక్కడే ఉండిపోయింది.

2003 రూపానికి మద్దతు 2015 జులైలో, 2011 రూపానికి 2020 జనవరిలో ముగిసింది. పాత ఫైల్ రెప్లికేషన్ సర్వీస్‌ను విండోస్ సర్వర్ 1709 విడుదల నుంచి పూర్తిగా తీసేశారు కాబట్టి, సిస్‌వాల్ ఇంకా దాని మీదే ఉన్న డొమైన్‌లోకి 2019 సర్వర్ కంట్రోలర్‌గా చేరలేదు. అలాంటి ఆఫీసు నేరుగా దూకలేదు. ముందు పాత సర్వర్‌లోని జర్నల్ ర్యాప్‌ను డీ4తో సరిచేసి, మధ్యలో 2012 ఆర్2ను గానీ 2016ను గానీ కంట్రోలర్‌గా చేర్చి, బాధ్యతలు మార్చి, 2003 సర్వర్‌ను పద్ధతి ప్రకారం పదవి నుంచి దించాలి. అప్పుడు డొమైన్ స్థాయిని 2008కి పెంచి, డీఎఫ్ఎస్ఆర్‌మిగ్ ఉపకరణంతో సిస్‌వాల్‌ను మూడు దశల్లో కొత్త సర్వీస్‌కు మార్చాలి. ప్రతి దశ తర్వాతా అన్ని కంట్రోలర్లూ ఆ దశకు చేరాయని చూసుకున్నాకే తర్వాతిది మొదలుపెట్టాలి. మూడో దశలో పాత ఫోల్డర్ తొలగిపోతుంది, ఆ తర్వాత వెనక్కి రావడానికి దారి లేదు. కొత్త సర్వర్‌ను డొమైన్‌లో కంట్రోలర్‌గా చేర్చాల్సింది అది పూర్తయ్యాకే.